గిడుగు వారి జీవితం – మూడు ఇంగ్లీషు పాఠాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శి గారు కోరినప్పుడు, నేను చరిత్రకారుణ్ణి కానని మనవి చేశాను. "మీరు ఈ వయసులో ఇంగ్లీషు మాట్లాడడం సాధన చేస్తున్నారట గదా, ఎలా చేస్తున్నారో అదే రాయండి" అన్నారు. ఆ సాధన నన్ను మన గిడుగు రామమూర్తి పంతులు గారి జీవిత చరిత్ర దగ్గరకు తీసుకువెళ్ళింది. కనుక రెండూ కలిపి రాస్తున్నాను. పెద్దలు తప్పులుంటే మన్నించగలరు.

నేను 33 సంవత్సరాలు సర్వీసు చేశాను. అందులో చాలా కాలం ఇంగ్లీషులోనే డ్రాఫ్టులు పెట్టాను. "విత్ రిఫరెన్స్ టు ద లెటర్ సైటెడ్" అని మొదలుపెడితే చివరి సంతకం దాకా కలం ఆగేది కాదు. నాకు ఇంగ్లీషు వచ్చుననే అనుకున్నాను. రిటైరైన తరువాత గాని అసలు సంగతి తెలియలేదు. ఆ వాక్యాలు ఫైలువి, నావి కావు. పాత ఫైలు చూసి కొత్త ఫైలులో ఎక్కించినవే. నా మనసులో మాట ఒక్కటి కూడా నేను ఆ భాషలో ఎన్నడూ చెప్పలేదు.

ఆ అవసరం నా మనుమరాలి వల్ల కలిగింది. అమెరికాలో ఉన్న మా అమ్మాయి కూతురికి తొమ్మిదేళ్ళు. పుట్టుకతోనే వినికిడి లోపం ఉంది. రెండు చెవులకూ యంత్రాలు పెట్టుకుంటుంది. అయినా అందరి పిల్లలతో పాటు మామూలు తరగతిలోనే చదువుతున్నది. టీచరు మెడలో చిన్న మైకు వేసుకుంటారు, ఆవిడ మాట నేరుగా పిల్ల చెవి యంత్రంలోకి వస్తుంది. తెలుగు కొంచెం అర్థమవుతుంది గాని మాట్లాడడం రాదు. ఒక ఆదివారం ఫోనులో ముఖాలు చూసుకుంటూ మాట్లాడుతుండగా ఇంగ్లీషులో అడిగింది: "తాతయ్యా, మీ చిన్నప్పుడు మీ క్లాసులో నాలాంటి పిల్లలు ఉండేవాళ్ళా?"

నేను "యెస్, యెస్" అని, ఫోను మా ఆవిడ చేతికిచ్చి లేచిపోయాను. జవాబు చెప్పలేకపోవడానికి సగం కారణం ఇంగ్లీషు. మిగతా సగం వేరే ఉంది. అది చివర మనవి చేస్తాను.

మా వీధిలో విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయులు ఒకరున్నారు. వారిని సలహా అడిగాను. "గ్రామరు పుస్తకం జోలికి పోకండి. మాట్లాడడానికి విషయం ఉండాలి. చరిత్ర, ఆరోగ్యం, పిల్లల చదువు, ఈ మూడూ మన వయసు వాళ్ళకు తెలిసినవే. మీకు ఇష్టమైన ఒక మనిషి కథ తీసుకొని రోజూ పది వాక్యాలు పైకి చెప్పండి" అన్నారు. మాది పాతపట్నం దగ్గర పల్లె. మహేంద్రతనయ దాటితే పర్లాకిమిడి. గిడుగు వారి పేరు చిన్నప్పటి నుంచి విన్నదే గనుక వారినే ఎంచుకున్నాను. మూడు విషయాలకు ముగ్గురు మనుషులు కావాలనుకున్నాను గాని, చదివిన కొద్దీ మూడూ ఆయన ఒక్కరి జీవితంలోనే ఉన్నాయి.

మొదటి పాఠం: చరిత్ర

గిడుగు రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విశాఖపట్నంలో బంధువుల ఇంట ఉండి చదువుకొని 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. 1880లో పర్లాకిమిడి రాజా వారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతం మీద చిన్న తరగతులకు చరిత్ర బోధించే ఉపాధ్యాయుడుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి బి.ఏ. పట్టా పొందారు. శ్రీముఖలింగ దేవాలయంలోని శాసనాలను, పాత లిపులు స్వయంగా నేర్చుకొని చదివారు.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉంటారు. సంతకు వచ్చిన సవరల మాట ఆ ఊరి వారికి అర్థమయ్యేది కాదు. గిడుగు వారికి ఆ భాష నేర్చుకోవాలని పట్టుదల కలిగింది. అప్పటికి దానికి వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. సవర, తెలుగు రెండూ తెలిసిన ఒక దళితుణ్ణి తన ఇంట్లోనే ఉంచుకొని, ఆయన నోటి నుంచి వింటూ నేర్చుకున్నారు. కుల కట్టుబాట్లు అంత గట్టిగా ఉన్న ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ పంతులు గారు అలా చేయడం ఎంత సాహసమో పెద్దలకు చెప్పనక్కరలేదు.

1907 ప్రాంతంలో జె.ఏ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పిల్లలకు బడిలో చెప్పే తెలుగు ఒకటి కావడం ఆయనకు విడ్డూరంగా తోచింది. విశాఖపట్నంలో మిసెస్ ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, దీనికి గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి గారలే జవాబు చెప్పగలరన్నారు. ఆ నలుగురి ఆలోచనతోనే బడుల్లో వాడుక భాష కోసం ప్రయత్నం మొదలైంది. ఆ తరువాత జరిగిన వాదోపవాదాలన్నీ మనకు తెలిసినవే.

మన సంఘ సభ్యులు గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. గిడుగు వారు 1911లో పదవీ విరమణ చేశారు. వారు చేసిన పెద్ద పనుల్లో చాలా భాగం ఆ తరువాతివే. 1919లో 'తెలుగు' పత్రిక నడిపారు. సవర భాషా వ్యాకరణం 1931లో అచ్చయింది. సవర – ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చేనాటికి వారికి 75 ఏళ్ళు నిండవస్తున్నాయి. ఈ రెండు పుస్తకాలూ ఇంగ్లీషులో రాసినవే! తాను కొండల్లో విన్నదీ తెలుసుకున్నదీ లోకానికి చెప్పడానికి ఇంగ్లీషు పనికివచ్చింది గనుక అందులో రాశారు. మనం రాసిన ఇంగ్లీషుకూ వారి ఇంగ్లీషుకూ తేడా అక్కడే ఉంది.

ఇక నా సాధన సంగతి. చరిత్ర చెబుతుంటే భూతకాలం దానంతట అదే అలవాటవుతుంది. జరిగిపోయిన సంగతులే గనుక ప్రతి వాక్యానికీ "వాజ్", "వెంట్", "లెర్న్‌డ్", "రోట్" అనే మాటలు కావాలి. నాకు మొదట్లో ఒక చిక్కు వచ్చింది. తెలుగులో "సవర మాట్లాడే మనిషిని ఇంటికి తెచ్చి, పక్కన కూర్చోబెట్టుకొని, మాటలు విని, కాగితం మీద రాసుకొని, నేర్చుకున్నారు" అని ఒకే ఊపులో అంటాం. క్రియ చివర ఒక్కసారి పూర్తయితే చాలు. దీన్ని ఇంగ్లీషులోకి అలాగే తోయబోతే నడుమ ఊపిరాడదు. మా ఉపాధ్యాయ మిత్రులు ఒక కిటుకు చెప్పారు. "తెచ్చి, విని, రాసుకొని" అన్న ప్రతిచోటా ఆగి, అక్కడ ఒక వాక్యం ముగించమన్నారు. "హి బ్రాట్ ఎ మ్యాన్ హోమ్. హి లిజన్డ్ టు హిమ్. హి రోట్ ద వర్డ్స్. హి లెర్న్‌డ్." ఇలా నాలుగు పొట్టి వాక్యాలు చేసుకున్న రోజున నా నాలుకకు పట్టిన తుప్పు వదిలింది.

రెండవ పాఠం: ఆరోగ్యం

సవర మాటల కోసం గిడుగు వారు ఎడ్లబండి మీద మన్యంలో తిరిగేవారు. మన్యం దోమలు వారికి చలిజ్వరాన్ని తెచ్చిపెట్టాయి. ఆ జ్వరానికి అప్పట్లో ఉన్న మందు క్వినైను. సింకోనా చెట్టు బెరడు నుంచి దాన్ని 1820లో ఫ్రాన్సులో పెల్లెటియె, కావెంటూ అనే ఇద్దరు వేరు చేశారు. పంతులు గారు ఆ క్వినైను మితిమీరి తీసుకోవడం వల్ల వారికి చెవుడు వచ్చింది. అది జీవితాంతం ఉండిపోయింది. భాషను చెవితో విని నేర్చుకున్న మనిషికి ఆ భాష కోసమే చెవులు పోయాయి. అయినా వారు పని మానలేదు.

'మలేరియా' అనే మాటకు ఇటలీ భాషలో చెడుగాలి అని అర్థం. బురద నేలల మీది గాలి వల్ల ఆ జ్వరం వస్తుందని శతాబ్దాల తరబడి జనం నమ్మారు. ఆ నమ్మకాన్ని తిప్పివేసిన సంఘటన మన సికిందరాబాదులోనే జరిగింది. సర్జన్ మేజర్ రోనాల్డ్ రాస్ అక్కడ సైనిక వైద్యుడుగా ఉండి పరిశోధన చేసేవాడు. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమల చేత కుట్టించి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చేవాడు. 1897 ఆగస్టు 20న ఆ దోమల్లో ఒకదాని పొట్ట కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే మలేరియా పరాన్నజీవి కనిపించింది. ఆ మరుసటి సంవత్సరం కలకత్తాలో పక్షుల మీద ప్రయోగాలు చేసి, వాటికి దోమకాటు ద్వారానే మలేరియా అంటుతుందని నిరూపించాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆయన పేరు మీద ఆ భవనం నేటికీ ఉంది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. గిడుగు వారు మన్యంలో జ్వరపడడం, రాస్ సికిందరాబాదులో దోమను కోయడం ఇంచుమించు ఒకే కాలపు సంగతులు. దోమతెర విలువ అప్పటికే జనానికి తెలిసి ఉంటే పంతులు గారి చెవులు దక్కేవేమో!

ఈ కథ చెబుతుంటే ఇంగ్లీషులో "షుడ్", "మస్ట్", "మస్ట్ నాట్" అనే మాటలు బాగా సాధన అవుతాయి. నేనూ మిత్రులూ రోజూ వల్లించే వాక్యాల సారాంశం ఇది. నీటి తొట్లు, కుండీలు, కూలరు అడుగు వారానికోసారి తప్పక ఖాళీ చేసి ఆరబెట్టాలి, ఎందుకంటే గుడ్డు దోమగా మారడానికి ఇంచుమించు వారం పది రోజులు పడుతుంది. మలేరియా దోమ సాయంకాలం నుంచి తెల్లవారే దాకా కుడుతుంది, డెంగ్యూ దోమ పగలు కుడుతుంది, కనుక పగలు పడుకునేటప్పుడు కూడా దోమతెర వేసుకోవాలి. డాక్టరు చెప్పిన మోతాదు దాటకూడదు. చెవుల్లో హోరు వినిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. క్వినైను ఒక్కటే కాదు, జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ వంటి ఇంజక్షన్లు, ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్ కూడా వినికిడిని దెబ్బతీయవచ్చు. మన వయసు వారు ఈ మాట తెలుగులోనైనా సరే, గుర్తుంచుకోవలసిందే.

మూడవ పాఠం: అందరికీ బడి

పూర్వం సవర పిల్లలకు బడి అంటే తెలుగు బడే. పంతులు గారి భాష పిల్లలకు తెలియదు, పిల్లల భాష పంతులు గారికి తెలియదు. గిడుగు వారు దీన్ని పిల్లల లోపమనుకోలేదు. సవర భాషలోనే వాచకాలు తయారుచేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, వారి భాషలో చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం వారు పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవర పిల్లలకు మంచి బడి పెట్టండి, నాకెందుకన్నారు. 2004లో మన రాష్ట్రంలో సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టినప్పుడు, పంతులు గారు అంత కాలం క్రితం తన జేబులో డబ్బుతో చేసిన పనికి సర్కారు పుస్తకాలు అచ్చువేసినట్లయింది.

భాష తెలియని పిల్లల సంగతి ఇలా ఉంటే, చెవులు వినపడని, కళ్ళు కనపడని పిల్లల సంగతి చెప్పనే అక్కరలేదు. అమెరికాలో కూడా 1975లో చట్టం చేసేదాకా వీరికి బడి హక్కుగా లేదు. ఆనాటికి పది లక్షల మంది అటువంటి పిల్లలు ప్రభుత్వ బడులకు పూర్తిగా బయటే ఉన్నారని ఆ చట్టంలోనే రాసుకున్నారు. 1994 జూన్‌లో స్పెయిన్ దేశంలోని సలమాంకా నగరంలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు కూడి, పిల్లలందరూ మామూలు బడుల్లోనే కలిసి చదువుకోవాలని, పిల్లలకు తగినట్లు బడులే మారాలని ప్రకటించారు. మన దేశంలో 1995లో వికలాంగుల చట్టం వచ్చింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 2016 చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. చట్టాలు ఉన్నంత మాత్రాన ప్రతి బడిలోనూ అమలవుతున్నాయని నేననడం లేదు. కాని హక్కు కాగితం మీదకు ఎక్కితే అడగడానికి నోరు వస్తుందని, సర్వీసు రూల్సుతో బతికిన మనకు తెలుసు.

ఈ పాఠంలో "కెన్", "నీడ్స్" అనే మాటలు కావలసివచ్చాయి. "షి కెన్ రీడ్. షి నీడ్స్ ఎ సీట్ నియర్ ద టీచర్." ఏమి చేయగలదో ముందు చెప్పి, ఏమి కావాలో తరువాత చెప్పడం. పాత పుస్తకాల్లో ఉండే "డెఫ్ అండ్ డంబ్" అనే మాట నేను ఒకసారి అనబోతే మా అమ్మాయి ఆపింది. "నాన్నగారూ, ఆ మాట ఇప్పుడు ఎవరూ అనరు. మనిషిని చిన్నబుచ్చినట్టవుతుంది. 'డెఫ్' అనండి, లేదా 'హార్డ్ ఆఫ్ హియరింగ్' అనండి" అంది. ఆ మాటతో నాకు చిన్ననాటి సంగతి గుర్తుకు వచ్చింది. నిజానికి ఎన్నడూ మరవలేదు, పక్కకు పెట్టి ఉంచానంతే.

మా ప్రాథమిక పాఠశాలలో నాతో పాటు ఒక కుర్రవాడు చదివేవాడు. వినపడేది కాదు. పంతులు గారు పిలిస్తే పలికేవాడు కాదు, పలకలేదని దెబ్బలు తినేవాడు. వాణ్ణి అందరికంటె వెనక, గుమ్మం దగ్గర కూర్చోబెట్టారు. నోరు చూసి మాట పోల్చుకోగల పిల్లవాడికి పంతులు గారి వీపు తప్ప ఏమీ కనిపించేది కాదు. ఎక్కాలు మాత్రం పలక మీద మా అందరికంటె చక్కగా రాసేవాడు. మేమందరం వాణ్ణి "చెవిటోడా" అని పిలిచేవాళ్ళం. వెనక నుంచి పిలిచి, వాడు తిరిగి చూడకపోతే పకపకా నవ్వేవాళ్ళం. ఆ నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. మూడో తరగతి మధ్యలో వాడు బడి మానేసి పశువుల వెంట వెళ్ళిపోయాడు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు.

ఆరు నెలల సాధన తరువాత ఒక ఆదివారం నా మనుమరాలికి ముందు గిడుగు వారి కథ చెప్పాను. అంత గొప్ప పండితుడికి వినపడేది కాదంటే ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. తరువాత మా బడి కథ చెప్పాను. భూతకాలంలో, పొట్టి వాక్యాలతో. "ఐ ఆల్సో లాఫ్‌డ్" అన్న చోట నోరు పెగల్లేదు. గ్రామరు తెలియక కాదు. ఆమె కోప్పడలేదు. కాసేపు ఊరుకొని, "వాట్ వాజ్ హిజ్ నేమ్, తాతయ్యా?" అని అడిగింది.

నాకు తెలియదు. రెండున్నర సంవత్సరాలు ఒకే గదిలో కూర్చున్నాను, వాడి పేరు తెలియదు. ఆ మారుపేరు ఒక్కటే తెలుసు. దాన్ని ఇంగ్లీషులో గాని తెలుగులో గాని ఆ పిల్లకు చెప్పలేకపోయాను.

మర్నాడు మా ఊళ్ళో ఉన్న పెద్దాయన ఒకరికి ఫోను చేసి విచారించాను. ఆ కుర్రవాడు పెద్దయి, వ్యవసాయం చేసుకొని, పిల్లల పెళ్ళిళ్ళు చేసి, కొన్నేళ్ళ క్రితమే కాలం చేశాడట. పేరు చెప్పారు. కాగితం మీద రాసుకొని, వచ్చే ఆదివారం నా మనుమరాలికి చెప్పాను. ఆమె ఆ పేరును రెండుసార్లు పలికి, సరిగ్గా అన్నానా అని అడిగింది. "యెస్, యు సెడ్ ఇట్ కరెక్ట్‌లీ" అన్నాను. అతని కుటుంబం ఆ ఊళ్ళోనే ఉన్నది గనుక ఆ పేరు ఇక్కడ రాయడం లేదు.

సోదర పెన్షనర్లకు నా విన్నపం ఒక్కటే. మనుమలతో మాట్లాడడానికి భాష రాదని ఫోను పక్కవారికి ఇచ్చేయకండి. మీకు తెలిసిన ఒక జీవితం తీసుకోండి. అందులో చరిత్ర, ఆరోగ్యం, చదువు మూడూ ఉంటాయి. రోజూ పది వాక్యాలు పైకి చెప్పండి, తప్పులు పోతే పోనివ్వండి. ప్రతి బుధవారం సాయంత్రం నేనూ మరి ముగ్గురు మిత్రులమూ సంఘం కార్యాలయంలో ఈ సాధన చేస్తున్నాము. ఫీజు లేదు, పరీక్ష లేదు. వినికిడి తగ్గిన సభ్యులు మొహమాటపడకుండా రండి. మీకు ముందు వరుసలో, మాట్లాడేవారి ముఖం కనిపించే చోట కుర్చీ వేసి ఉంచుతాము. సెలవు.